ఫైల్ ఎంచుకునే డైలాగ్ మొరాయిస్తే: యాక్సెస్ ప్రోగ్రాములు రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న వ్యాపారాలకీ, స్కూళ్లకీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాములు రాసిపెట్టడం నా పని. పలాసలో జీడి పిక్కల కొనుగోలు లెక్కలు, నరసన్నపేటలో రైస్ మిల్లు గేట్ పాసులు, రాజాంలో స్కూల్ అడ్మిషన్లు. ఏ ప్రోగ్రాం తీసుకున్నా ఎక్కడో ఒకచోట "ఫైల్ ఎంచుకోండి" అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫైళ్లు చూపించే కిటికీ తెరుచుకుంటుంది, దాన్నే డైలాగ్ అంటాం. రైతు పాస్‌బుక్ స్కానో, పిల్లల ఫొటోనో, కాటా చీటీనో దానితోనే జతచెయ్యాలి. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఆ బటన్ గురించే. ఆ ఫోన్లలో అడిగినవీ, ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కోడ్‌లో వచ్చే పేర్లని చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాశాను. వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) ఎడిటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైప్ చెయ్యాలి.

అసలు ఈ డైలాగ్ మనకి ఏమిస్తుంది?

చిరునామా ఇస్తుంది. అంతకుమించి ఏమీ ఇవ్వదు. ఫొటో మీద క్లిక్ చేసి ఓపెన్ నొక్కగానే ఆ ఫొటో ప్రోగ్రాములోకి వచ్చేసిందనిపిస్తుంది. నిజానికి మన చేతికి వచ్చింది డ్రైవ్ పేరుతో మొదలై ఫైల్ పేరుతో ముగిసే అక్షరాల వరుస మాత్రమే. ఫైల్ ఉన్నచోటే ఉంది. దాన్ని తెరవాలన్నా, కాపీ చెయ్యాలన్నా, దాని దారిని (పాత్‌ని) టేబుల్లో రాసుకోవాలన్నా మన కోడే చెయ్యాలి. "నిన్న పెట్టిన ఫొటో ఇవాళ లేదండి", "నా సిస్టంలో కనబడతాది, మేనేజర్ గారి సిస్టంలో కనబడదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. అందుకే దీన్ని మొదట పెట్టాను.

ఈ డైలాగ్ తెప్పించడానికి మూడు దారులున్నాయి కదా, ఏది వాడమంటారు?

మొదటిది కామన్ డైలాగ్ కంట్రోల్. విజువల్ బేసిక్ 6 కాలంలో ఫారం మీద చిన్న బొమ్మలాగా పెట్టేవాళ్లం. రెండోది ఆఫీస్‌లోనే ఉన్న ఫైల్‌డైలాగ్ ఆబ్జెక్ట్, యాక్సెస్ 2002 నుంచి ఉంది. మూడోది విండోస్ ఏపీఐని (విండోస్ ప్రోగ్రాములకి అందించే ఫంక్షన్లని) నేరుగా పిలవడం, అంటే గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్.

కొత్తగా రాసేవాళ్లు రెండోదే వాడండి. మొదటిదాన్ని కొత్త పనిలోకి తీసుకురాకండి, కారణం కింది ప్రశ్నలో ఉంది. మూడోది పాత ప్రోగ్రాముల్లో ఎదురవుతుంది కాబట్టి దాన్ని బాగుచెయ్యడం మాత్రం తెలిసి ఉండాలి.

పదేళ్లు బాగా నడిచిన ప్రోగ్రాం. కొత్త కంప్యూటర్‌లో వెయ్యగానే "దేర్ ఈజ్ నో ఆబ్జెక్ట్ ఇన్ దిస్ కంట్రోల్" అంటోంది. ఏటి చెయ్యాలి?

ఆ ఫారం మీద కామన్ డైలాగ్ కంట్రోల్ ఉంది. కొత్త కంప్యూటర్‌లో ఆ కంట్రోల్ ఫైల్ లేదు. దాని పేరు కామ్‌డీఎల్‌జీ32, చివర ఓసీఎక్స్ అని ఉంటుంది. విండోస్‌తోపాటు వచ్చేది కాదు, విజువల్ బేసిక్ లాంటివాటితో వచ్చేది. పాత కంప్యూటర్‌లో ఎవరో ఎప్పుడో వేసిపెట్టారు కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది.

ముందు ఒకటి చూడండి. యాక్సెస్ తెరిచి ఫైల్, అకౌంట్, అబౌట్ యాక్సెస్ నొక్కితే పై వరుసలో 32 బిట్టో 64 బిట్టో రాసి ఉంటుంది. ఈ కంట్రోల్ 32 బిట్‌దే. 64 బిట్ యాక్సెస్‌లో అది ఎన్నటికీ నడవదు, ఎన్నిసార్లు రిజిస్టర్ చేసినా సరే. ఆఫీస్ 2019 దగ్గర నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే పడేది 64 బిట్టే. కొత్త కంప్యూటర్ కొన్న ప్రతి చోటా ఈ ఫోన్ రావడానికి అదే కారణం.

ఆఫీస్ 32 బిట్ అయితే ఆ ఓసీఎక్స్ ఫైల్‌ని కాపీ చేసి రిజిస్టర్ చెయ్యవచ్చు. విండోస్ 64 బిట్ అయినప్పుడు దాన్ని సిస్టం32లో కాకుండా సిస్‌వావ్64 ఫోల్డర్లో పెట్టాలి. పేర్లు తలకిందులుగా కనిపిస్తాయి గానీ నిజం ఇదే: 64 అని పేరున్న ఫోల్డర్లో 32 బిట్ ఫైళ్లు ఉంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ ఫోల్డర్లోకి వెళ్లి, అక్కడున్న రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చెయ్యండి. ఇంత చేశాక కూడా "లైసెన్స్ లేదు" అనే మెసేజ్ రావచ్చు. ఎందుకంటే ఆ కంట్రోల్‌ని డిజైన్‌లో వాడుకునే హక్కు దాన్ని తెచ్చిన డెవలపర్ సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది.

నా సలహా అడిగితే, ఇదంతా చేసే బదులు కంట్రోల్‌ని ఫారం మీంచి తీసేసి ఫైల్‌డైలాగ్ పెట్టండి. పది, పదిహేను లైన్ల పని. ఒక పూటలో అయిపోతుంది, మళ్లీ కంప్యూటర్ మార్చినప్పుడు టెన్షన్ ఉండదు.

ఫైల్‌డైలాగ్ వాడితే "యూజర్ డిఫైన్డ్ టైప్ నాట్ డిఫైన్డ్" అంటోంది.

ఆఫీస్ ఆబ్జెక్ట్ లైబ్రరీకి రెఫరెన్స్, అంటే ఆ లైబ్రరీని వాడతామని చెప్పే లింకు, లేదు. టూల్స్, రెఫరెన్సెస్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఆబ్జెక్ట్ లైబ్రరీకి టిక్ పెడితే పోతుంది. ఆఫీస్ 2010 అయితే 14.0, 2013 అయితే 15.0, 2016 దగ్గర నుంచి 16.0.

నేనైతే టిక్ పెట్టను. వేరియబుల్‌ని ఆబ్జెక్ట్ అని డిక్లేర్ చేసి, పేర్ల బదులు అంకెలు ఇస్తాను. ఓపెన్ రకానికి 1, సేవ్ యాజ్‌కి 2, ఫైల్ పికర్‌కి 3, ఫోల్డర్ పికర్‌కి 4. అప్లికేషన్.ఫైల్‌డైలాగ్ అని రాసి బ్రాకెట్లో 3 ఇస్తే చాలు, ఏ వెర్షన్‌లోనైనా నడుస్తుంది. అంకె పక్కన కామెంట్ మాత్రం రాసుకోండి, ఆరునెలల తర్వాత 4 అంటే ఏమిటో గుర్తుండదు.

డైలాగ్ సంగతి పక్కన పెట్టండి, డేట్, లెఫ్ట్ లాంటి మామూలు ఫంక్షన్లే పని చెయ్యడం లేదు. రెండింటికీ సంబంధం ఉందా?

ఉంది. రెఫరెన్సెస్ తెరిచి చూడండి, ఏదో ఒకదాని ముందు "మిస్సింగ్" అని కనిపిస్తుంది. మీ కంప్యూటర్‌లో ఉన్న లైబ్రరీ క్లయింట్ దగ్గర లేదు. ఒక్క రెఫరెన్స్ తెగితే వీబీఏ "కాన్ట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ" అంటూ సంబంధం లేని లైన్ దగ్గర ఆగిపోతుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ కంపైల్ చెయ్యండి.

ఏపీఐతో రాసిన పాత కోడ్ ఎర్ర రంగులోకి మారి "పీటీఆర్‌సేఫ్" అని ఏదో అడుగుతోంది.

64 బిట్ ఆఫీస్‌లో, ఏపీఐని కోడ్‌కి పరిచయం చేసే ప్రతి డిక్లేర్ వాక్యానికీ పీటీఆర్‌సేఫ్ అనే మాట ఉండాలి. ఆఫీస్ 2010తో వచ్చిన వీబీఏ 7 నుంచి ఇది ఉంది. ఆ మాట చేర్చేసి వదిలేస్తారు చాలామంది. అది సగం పనే. విండో హ్యాండిల్, పాయింటర్ పట్టుకునే వేరియబుల్స్‌ని లాంగ్ నుంచి లాంగ్‌పీటీఆర్‌కి మార్చాలి. ఫ్లాగ్స్, మ్యాక్స్ ఫైల్ లాంటి మామూలు సంఖ్యలు లాంగ్‌గానే ఉండాలి. కనిపించిన ప్రతి లాంగ్‌నీ మార్చేస్తే కొత్త తప్పు వస్తుంది.

అన్నీ మార్చాను. ఎర్రర్ లేదు, డైలాగ్ కూడా రాదు. బటన్ నొక్కితే నిశ్శబ్దం.

మొదటిసారి దీని దగ్గర నేను రెండు రోజులు కూర్చున్నాను. ఏపీఐకి ఇచ్చే స్ట్రక్చర్‌లో మొదటి గడి ఆ స్ట్రక్చర్ సైజు. పాత కోడ్ అంతటా ఆ సైజుని లెన్ ఫంక్షన్‌తో కట్టేవాళ్లు. 64 బిట్‌లో పాయింటర్లు 8 బైట్ల హద్దు మీద కూర్చోవడానికి మధ్యలో ఖాళీ బైట్లు చేరతాయి. లెన్ వాటిని లెక్కపెట్టదు, లెన్‌బీ లెక్కపెడుతుంది. సైజు తప్పితే విండోస్ డైలాగ్‌ని తెరవకుండానే 0 తిప్పి పంపుతుంది. మన కోడ్‌కి 0 అంటే యూజర్ క్యాన్సిల్ నొక్కాడని అర్థం, కాబట్టి అది కూడా మాట్లాడకుండా బయటికొచ్చేస్తుంది.

లెన్‌ని లెన్‌బీ చెయ్యండి. నిజంగా ఇదేనా అని తేల్చుకోవాలంటే వెంటనే కామ్‌డీఎల్‌జీఎక్స్‌టెండెడ్ఎర్రర్ అనే ఏపీఐని పిలవండి. 0 వస్తే యూజర్ క్యాన్సిల్ చేసినట్టు. 1 వస్తే సైజు తప్పు.

క్యాన్సిల్ నొక్కితే పాత ఫైల్ దారి కూడా పోతోంది. ఎందుకు?

ఈ తప్పు నా ప్రోగ్రాములోనే జరిగింది. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ, పిక్కల సీజను. 80 కిలోల బస్తాలు లారీ దిగుతుంటే ఆపరేటర్ ఒక్కో లోడుకి కాటా చీటీ స్కాన్ జతచేస్తున్నాడు. సరైన చీటీ ఉందో లేదో చూద్దామని మళ్లీ బటన్ నొక్కడం, ఉందని గుర్తొచ్చి క్యాన్సిల్ చెయ్యడం. నా కోడ్ డైలాగ్ తెరిచే ముందే పాత్ వేరియబుల్‌ని ఖాళీ చేసి, డైలాగ్ మూశాక అందులో ఏది ఉంటే అది టేబుల్లో రాసేసేది. క్యాన్సిల్ నొక్కిన ప్రతిసారీ ఒక చీటీ దారి చెరిగిపోయింది. వారం చివర లెక్క చూసేటప్పుడు బయటపడింది. స్కాన్లు ఫోల్డర్లో భద్రంగానే ఉన్నాయి గానీ ఏది ఏ లోడుదో చేత్తో కలుపుకోవలసి వచ్చింది.

ఫైల్‌డైలాగ్‌ని తెరిచే షో మెథడ్, ఓకే నొక్కితే -1, క్యాన్సిల్ నొక్కితే 0 ఇస్తుంది. -1 వచ్చినప్పుడు మాత్రమే ఫీల్డ్‌ని ముట్టుకోండి. 0 వస్తే ఏమీ చెయ్యకుండా బయటికి రండి. ఎంచుకున్నది సెలెక్టెడ్ఐటమ్స్‌లో 1వ స్థానంలో ఉంటుంది, 0 దగ్గర కాదు.

పాత కామన్ డైలాగ్ కంట్రోల్లో క్యాన్సిల్ఎర్రర్ ట్రూ చేసి ఉంటే క్యాన్సిల్ నొక్కినప్పుడు 32755 అనే ఎర్రర్ నంబర్ వస్తుంది. అది తప్పు కాదు, కబురు. ఆ నంబర్‌ని పట్టుకుని మామూలుగా బయటికొచ్చేలా రాసుకోవాలి.

బటన్ నొక్కిన ప్రతిసారీ ఫైల్ రకాల జాబితా పెరిగిపోతోంది.

యాక్సెస్ నడుస్తున్నంతసేపూ ఫైల్‌డైలాగ్ పాత సెట్టింగులు గుర్తుపెట్టుకుంటుంది. ఫిల్టర్లు చేర్చే ముందు ఫిల్టర్స్.క్లియర్ రాయండి. ఒకే ఫిల్టర్లో రెండు మూడు రకాలు కావాలంటే మధ్యలో సెమీకోలన్ పెట్టాలి, కామా కాదు.

ఫోల్డర్ దారి ఇచ్చినా దాని పై ఫోల్డర్ దగ్గరే తెరుచుకుంటోంది.

దారి చివర బ్యాక్‌స్లాష్ లేదు. అది లేకపోతే ఇనీషియల్‌ఫైల్‌నేమ్ చివరి ఫోల్డర్ పేరుని ఫైల్ పేరనుకుంటుంది.

ఎక్సెల్‌లో చక్కగా నడిచిన గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్ యాక్సెస్‌లో పెడితే నడవడం లేదు.

అప్లికేషన్ తర్వాత చుక్క పెట్టి రాసే ఆ మెథడ్ ఎక్సెల్ సొంతం. యాక్సెస్ అప్లికేషన్‌కి అది లేదు. ఫైల్‌డైలాగ్ రెండింటికీ ఉమ్మడి, దానికి మార్చండి.

ఫైల్ పేరు తెలుగులో ఉంటే అన్నీ ప్రశ్నార్థకాలే వస్తున్నాయి. ఇంగ్లీషులో పేర్లు పెట్టుకోమనడం తప్ప దారి లేదా?

ఉంది. ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన క్లర్కు "అప్పలనాయుడు పాస్‌బుక్" అని తెలుగులో పేరు పెట్టుకుంటే తప్పు అతనిది కాదు, మన కోడ్‌ది.

విండోస్‌లో ఇంగ్లీషు, రష్యన్ లాంటి భాషలకి పాత పద్ధతి కోడ్ పేజీలున్నాయి, అంటే అక్షరాలకి అంకెలు కేటాయించే పట్టికలు. తెలుగుకి అలాంటిది లేదు, తెలుగు యూనికోడ్‌లోనే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో నాన్ యూనికోడ్ ప్రోగ్రాముల భాష ఎంత మార్చినా లాభం లేకపోవడానికి ఇదే కారణం. పేరు చివర ఇంగ్లీషు "ఏ" అక్షరం ఉన్న ఏపీఐ పాత కోడ్ పేజీ పద్ధతిలో నడుస్తుంది, తెలుగు అక్షరం వస్తే దాని బదులు ప్రశ్నార్థకం పెడుతుంది. ఒకసారి ప్రశ్నార్థకం అయ్యాక అసలు పేరు తిరిగి రాదు.

ఆఫీస్ ఫైల్‌డైలాగ్ యూనికోడ్‌లోనే పేరు ఇస్తుంది. అయినా "ప్రశ్నార్థకాలే కనబడుతున్నాయి" అంటారు, ఎందుకంటే మెసేజ్‌బాక్స్‌లో గానీ ఇమ్మీడియట్ విండోలో గానీ వేసి చూస్తారు. అవి రెండూ తెలుగు చూపించలేవు. అదే విలువని ఫారం మీద టెక్స్ట్‌బాక్స్‌లో వెయ్యండి, చక్కగా తెలుగే కనిపిస్తుంది. టేబుల్లో కూడా తెలుగే ఉంటుంది. అంటే పేరు బాగానే ఉంది, చూసిన అద్దం మంచిది కాదు.

తర్వాతి చిక్కు డిర్, ఫైల్‌కాపీ అనే వీబీఏ సొంత కమాండ్లతో. ఇవి కూడా పాత పద్ధతివే. తెలుగు పేరు ఇస్తే ఫైల్ లేదంటాయి, లేదా ఎర్రర్ 52 ఇస్తాయి. వాటి బదులు ఫైల్‌సిస్టంఆబ్జెక్ట్ తెచ్చుకుని ఫైల్‌ఎగ్జిస్ట్స్, కాపీఫైల్ వాడండి. ఈ రెండూ తెలుగు పేర్లని ఇబ్బంది లేకుండా తీసుకుంటాయి.

డైలాగ్ పైన శీర్షిక తెలుగులో పెట్టాలన్నా ఎడిటర్‌లో టైప్ చేస్తే ప్రశ్నార్థకాలే. ఒక చిన్న టేబుల్లో "రైతు పాస్‌బుక్ ఎంచుకోండి" అని రాసుకుని, డీలుకప్‌తో తెచ్చి టైటిల్‌కి ఇవ్వండి. నరసన్నపేట మిల్లులో అలా పెట్టాక గేటు దగ్గర అబ్బాయి ఎవరినీ అడగకుండా పని చేసుకుంటున్నాడు.

తెలుగు పేరు సరిగ్గానే ఉంది, ఫోల్డర్ కళ్లముందే ఉంది, కోడ్ మాత్రం లేదంటోంది.

కంటికి కనబడని అక్షరం ఉందేమో చూడండి. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం వాడతాం. "స్కాన్" అని ఇద్దరు టైప్ చేస్తే ఒకరి కీబోర్డు దాన్ని చివర్లో చేర్చవచ్చు, ఇంకొకరిది చేర్చకపోవచ్చు. రెండూ చూడ్డానికి ఒకటే. విండోస్‌కి మాత్రం రెండు వేరు వేరు పేర్లు. ఒకేచోట "స్కాన్" అనే రెండు ఫోల్డర్లు పక్కపక్కన ఉండటం నేను కళ్లారా చూశాను. లెన్ ఫంక్షన్‌తో కొలిస్తే ఒకటి 6, ఇంకొకటి 7.

ఇదే సందర్భంలో పొడవు సంగతి కూడా. మామూలుగా దారి మొత్తం 260 అక్షరాల హద్దులో ఉండాలి. "శ్రీకాకుళం" మన కంటికి నాలుగక్షరాలు, కంప్యూటర్ లెక్కలో 10. శ, పొల్లు, ర, దీర్ఘం, ఇలా విడివిడిగా లెక్కపడతాయి. జిల్లా, మండలం, ఊరు, ఇంటిపేరుతో సహా రైతు పేరు అని తెలుగులో ఫోల్డర్ కింద ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే హద్దు త్వరగా వచ్చేస్తుంది. టేబుల్లో షార్ట్ టెక్స్ట్ ఫీల్డ్‌కి 255 అక్షరాలే పడతాయి, అందుకే పాత్ దాచే ఫీల్డ్‌ని లాంగ్ టెక్స్ట్ పెట్టుకోండి.

ఒక కంప్యూటర్‌లో పెట్టిన ఫొటో ఇంకో కంప్యూటర్‌లో ఎందుకు రాదు?

మొదటి ప్రశ్నలో చెప్పిందే. మీరు దాచింది చిరునామా. ఆ చిరునామా సీ డ్రైవ్‌తో మొదలైతే పక్క కంప్యూటర్ తన సీ డ్రైవ్‌లో వెతుక్కుంటుంది. నెట్‌వర్క్ డ్రైవ్ అయినా అంతే, మీ దగ్గర అది జెడ్, క్యాషియర్ దగ్గర వై. అక్షరంతో మొదలయ్యే దారి బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, షేర్ పేరుతో మొదలయ్యే దారి వాడాలి.

కానీ అది కూడా సరిపోదని 2022లో నేర్చుకున్నాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. నా క్లయింట్ ఒకరికి ఈ ఊళ్లన్నిటిలో రైతులున్నారు. స్కాన్లన్నీ జిల్లా పేరుతో ఉన్న ఫోల్డర్ల కింద ఉండేవి. ఆఫీసులో అమ్మాయి శ్రద్ధగా రాజాం ఫోల్డర్‌ని తీసి విజయనగరం కింద, పాలకొండని కొత్త ఫోల్డర్ కింద సర్దింది. ఆమె చేసింది న్యాయమైన పనే. మర్నాడు ఆ రెండు ఊళ్ల రైతుల్లో ఒక్కరి పాస్‌బుక్ కూడా తెరుచుకోలేదు. టేబుల్లో పూర్తి దారులు రాసి ఉన్నాయి మరి.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. డైలాగ్ ఇచ్చిన దారిని నేరుగా దాచను. ఎంచుకున్న ఫైల్‌ని సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్లోకి కాపీ చేస్తాను. కాపీకి రికార్డు నంబరే పేరు, ఉదాహరణకి 1187. జిల్లా పేరుండదు, ఊరి పేరుండదు, మనిషి పేరుండదు. అవన్నీ టేబుల్లో ఎలాగూ ఉంటాయి. పాత్ ఫీల్డ్‌లో ఆ ఫోల్డర్ లోపలి చిన్న దారి మాత్రమే రాస్తాను. ఉమ్మడి ఫోల్డర్ ఎక్కడుందో సెట్టింగ్స్ టేబుల్లో ఒకే ఒక్క గడిలో ఉంటుంది. సర్వర్ మారితే ఆ గడి మారిస్తే చాలు. పెన్‌డ్రైవ్ నుంచి ఎంచుకుని, తర్వాత పెన్‌డ్రైవ్ పట్టుకుని ఇంటికెళ్లిపోయినా నష్టం లేదు.

దారులతో ఇంత గొడవెందుకు, ఫైల్‌నే టేబుల్లో పెట్టేస్తే?

అటాచ్‌మెంట్ ఫీల్డ్‌లో పెట్టవచ్చు. యాక్సెస్ డేటాబేస్ ఫైల్ మొత్తం 2 జీబీ దాటకూడదు. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి 3, 4 ఎంబీ ఉంటే ఐదారు వందల ఫొటోలకే నిండిపోతుంది. స్కూల్ లోగో, సంతకం లాంటి ఒకటి రెండు బొమ్మలకి సరే, రోజూ పెరిగేవాటికి వద్దు.

ఫైల్ ఎంచుకున్న తర్వాత ప్రోగ్రాం తన డేటాబేస్ తనకే దొరకడం లేదంటోంది!

విజువల్ బేసిక్ 6, డాట్‌నెట్ ప్రోగ్రాముల్లో చూస్తాం. కనెక్షన్ స్ట్రింగ్‌లో డేటాబేస్ పేరు మాత్రమే ఇచ్చి, పూర్తి దారి ఇవ్వలేదు. ప్రోగ్రాం మొదలైనప్పుడు కరెంట్ డైరెక్టరీ దాని సొంత ఫోల్డరే కాబట్టి దొరికింది. యూజర్ డైలాగ్‌లో "ఈ" అనే పేరున్న డ్రైవ్‌లోకి వెళ్లి ఫొటో ఎంచుకోగానే కరెంట్ డైరెక్టరీ అక్కడికి మారిపోయింది. ఏపీఐలో నోచేంజ్‌డైర్ ఫ్లాగ్ ఉంది, దాని విలువ 8, కానీ గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్‌తో దాన్ని నమ్ముకోలేం. డాట్‌నెట్‌లోనైతే రీస్టోర్‌డైరెక్టరీ ట్రూ చెయ్యండి. ఇవి పెట్టినా, డేటాబేస్‌కి పూర్తి దారి కట్టుకోవడమే అసలు మందు.

డాట్‌నెట్‌లోనే "ఎస్‌టీఏ మోడ్" అని ఎర్రర్ వస్తే డైలాగ్‌ని వేరే థ్రెడ్ నుంచి పిలుస్తున్నారు. దాన్ని ఫారం నడిచే థ్రెడ్ నుంచే పిలవండి.

బటన్ నొక్కినా ఏటీ రాట్లేదు. ఏపీఐ కూడా కాదు, ఫైల్‌డైలాగే.

మూడు చోట్ల చూడండి. ఫైల్ మెయిల్లోనో నెట్‌లోనో వచ్చిందైతే విండోస్ దానికి ముద్ర వేసి ఉంటుంది, ఆఫీస్ మాక్రోలని ఆపేస్తుంది. ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అన్‌బ్లాక్ టిక్ పెట్టి మళ్లీ తెరవండి. అది కాకపోతే బటన్ ప్రాపర్టీస్‌లో ఆన్ క్లిక్ ఎదురుగా "ఈవెంట్ ప్రొసీజర్" అని ఉందో లేదో చూడండి. బటన్ పేరు మార్చినా, కాపీ చేసి అతికించినా ఆ లింకు తెగుతుంది.

మూడోది ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్. ప్రొసీజర్ మొదట్లో ఆ లైన్ ఉంటే ఏ తప్పు జరిగినా బయటికి తెలియదు. దాన్ని కామెంట్ చేసి ఒకసారి నడపండి, అసలు ఎర్రర్ అప్పుడు కనిపిస్తుంది. దయచేసి ఆ లైన్‌ని అలవాటుగా రాయకండి. తర్వాత ఆ కోడ్ చూసేవాళ్లకి చీకట్లో సూది వెతికినట్టు ఉంటుంది.

డైలాగ్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది, ఒక్కోసారి యాక్సెస్ బిగుసుకుపోతోంది.

చివరిసారి ఎంచుకున్న ఫోల్డర్ ఇప్పుడు అందుబాటులో లేని నెట్‌వర్క్ కంప్యూటర్ మీద ఉండవచ్చు. కరెంటు పోయి సర్వర్ ఇంకా ఆన్ చెయ్యలేదు, డైలాగ్ మాత్రం అక్కడికే వెళ్లి తలుపు కొడుతోంది. ఇనీషియల్‌ఫైల్‌నేమ్‌కి లోకల్ డ్రైవ్‌లోని ఫోల్డర్ ఇచ్చి చూడండి. ఎక్స్‌ప్లోరర్ ఎడమ పక్కన ఉన్న చచ్చిన నెట్‌వర్క్ లింకులు కూడా తీసెయ్యండి.

బిగుసుకుపోయినట్టు కనిపించి, నిజానికి డైలాగ్ వెనకాల దాక్కుని ఉండటం కూడా జరుగుతుంది. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కి చూడండి. ఏపీఐ అయితే ఓనర్ హ్యాండిల్‌కి 0 బదులు అప్లికేషన్.హెచ్‌విండ్‌యాక్సెస్‌యాప్ ఇవ్వండి, డైలాగ్ ఎప్పుడూ ముందే ఉంటుంది.

ఒకేసారి చాలా ఫైళ్లు ఎంచుకోవచ్చా?

అలవ్‌మల్టీసెలెక్ట్ ట్రూ చేసి, సెలెక్టెడ్ఐటమ్స్ మీద ఫర్ ఈచ్ తిప్పండి. లూప్ వేరియబుల్ వేరియంట్ అయి ఉండాలి, స్ట్రింగ్ అయితే కంపైల్ కాదు. పాత కంట్రోల్లో చాలా ఎంచుకుంటే 20476 ఎర్రర్ వస్తుంది. పేర్లన్నీ పట్టడానికి బఫర్ చాలలేదని దానర్థం, మ్యాక్స్‌ఫైల్‌సైజ్ పెంచండి.

ఫోన్‌ని కేబుల్‌తో పెట్టాను. అందులోని ఫొటో ఎంచుకుంటే కోడ్ ఒప్పుకోవడం లేదు.

ఫోన్‌కి డ్రైవ్ అక్షరం లేదు, అందులోని ఫైల్‌కి కోడ్ అర్థం చేసుకునే చిరునామా కూడా లేదు. ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి ఎంచుకోండి. వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తు ఉన్న ఫైళ్లు కూడా ఇలాంటివే, నెట్ లేనప్పుడు పేరు కనబడుతుంది, ఫైల్ తెరుచుకోదు.

సేవ్ డైలాగ్ వాడితే ఫైల్ సేవ్ అవడం లేదు.

సేవ్ డైలాగ్ కూడా చిరునామానే ఇస్తుంది. రిపోర్టుని పీడీఎఫ్‌గా రాయాల్సింది డూసీఎండీ.అవుట్‌పుట్‌టూ. పైగా సేవ్ యాజ్ రకంలో ఫిల్టర్లు మన ఇష్టం వచ్చినట్టు పెట్టలేం, క్లియర్, యాడ్ వాడితే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. నేను ఫోల్డర్ పికర్‌తో ఫోల్డర్ మాత్రం అడిగి, ఫైల్ పేరు బిల్లు నంబరుతో, తేదీతో కోడ్‌లోనే కడతాను. తేదీని 12/04/2024 అని పెడితే సేవ్ అవదు, ఆ గీత ఫైల్ పేరులో చెల్లదు. ఫార్మాట్ ఫంక్షన్‌తో 2024-04-12 లాగా మార్చుకోండి.

మా మిల్లులో ఇంకా ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. ఇవన్నీ దానికి పనికొస్తాయా?

సగం పనికొస్తాయి. విజువల్ ఫాక్స్‌ప్రోలో గెట్‌ఫైల్, పుట్‌ఫైల్, గెట్‌డిర్ అని సొంత ఫంక్షన్లున్నాయి, ఏ కంట్రోలూ అక్కర్లేదు. క్యాన్సిల్ నొక్కితే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, అది చూసుకోండి. తెలుగు పేర్లు మాత్రం కుదరవు. దాని చివరి వెర్షన్ 9.0, మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ఆగిపోయింది. నడుస్తున్నంత కాలం నడపండి, బ్యాకప్ మాత్రం రోజూ తీయండి.

ఇవన్నీ చూసినా కుదరకపోతే ఏం వివరాలతో ఫోన్ చెయ్యాలి?

ఎర్రర్ నంబర్, మెసేజ్ మొత్తం ఫొటో తీసి పంపండి. యాక్సెస్ 32 బిట్టో 64 బిట్టో చెప్పండి. ఒక్క కంప్యూటర్‌లోనే వస్తోందా, అన్నిట్లోనా? చివరగా, డైలాగ్ తిప్పి ఇచ్చిన దారిని ఫారం మీద ఒక టెక్స్ట్‌బాక్స్‌లో వేసి, దాన్ని కాపీ చేసి ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో అతికించి ఎంటర్ నొక్కండి. ఫైల్ తెరుచుకుంటే డైలాగ్ పని సరిగ్గానే ఉంది, తప్పు ఆ తర్వాతి లైన్లలో ఉంది. తెరుచుకోకపోతే ఆ దారిని అక్షరం అక్షరం నాకు పంపండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.